ప్రదర్శనకెక్కని పువ్వు: గంజాం మొగలి

ఒడిశాలోని గంజాం జిల్లా తీరాన, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు నుంచి దక్షిణంగా ఆంధ్ర సరిహద్దు దాకా ఉన్న ఇసుక నేలల్లో మొగలి పొదలు పెరుగుతాయి. ఛత్రపురం, గంజాం, రంగైలుండా, చికిటి ప్రాంతాల పల్లెల్లో చేలగట్లన్నీ వీటితోనే నిండి ఉంటాయి. ఒడియా వాళ్లు దీన్ని కియా అంటారు, అత్తరు వర్తకులు కేవడా అంటారు, బరంపురం తెలుగువారు మొగలి అనీ గేదంగి అనీ అంటారు. దేశంలో తయారయ్యే కేవడా అత్తరులో, కేవడా నీళ్లలో చాలా భాగం ఈ ఒక్క జిల్లా పూలనుంచి వచ్చేదే. అయినా బరంపురం బజారులో మల్లె, బంతి, చామంతి గంపల పక్కన మొగలికి పెద్ద చోటు కనబడదు. తెల్లవారకముందే కోసిన పువ్వు పొద్దెక్కేలోగా అత్తరు తీసే బట్టీకి చేరిపోతుంది. ఈ జిల్లాలో పూల పెంపకం చరిత్ర చెప్పాలంటే ఆ బట్టీ దారినే వెళ్లాలి.

మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఆడ చెట్టుకు అనాసపండును పోలిన కాయ కాస్తుంది. దానికి గిరాకీ లేదు. వాసనంతా మగ చెట్టు పూగుత్తిదే. పొడుగాటి, మెత్తని, మీగడ రంగు రేకులు ఒకదాని మీద ఒకటి పొదిగి ఉంటాయి, లోపల పుప్పొడి నిండిన కంకులు ఉంటాయి. తెలుగు ఇళ్లలో జడలో పెట్టుకున్నా, పట్టుచీరల మడతల్లో దాచినా అవి ఈ రేకులే. విత్తనం వేసి పెంచితే మొక్క మగదో ఆడదో పూత వచ్చేదాకా తెలియదు. అందుకే గంజాం రైతు విత్తనం జోలికి పోడు. మంచి వాసన గల మగ చెట్టు పక్కన లేచిన పిలకను తీసి గట్టు మీద నాటుకుంటాడు. అది మూడు నాలుగేళ్లలో పూతకు వస్తుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పెద్దగా ఖర్చు లేకుండా పూస్తుంది. అంటే ఇప్పుడు జిల్లాలో ఉన్న పొదలు చాలావరకు తాతల నాడు ఎవరో ముక్కుతో ఎంచి పెట్టిన చెట్ల సంతతే. ఈ ఎంపికను ఏ పరిశోధన కేంద్రమూ చేయలేదు, రైతులే చేశారు.

మొగలి గంజాంకే పరిమితమైన మొక్క కాదు. కోనసీమ కాలువగట్ల మీద, కేరళ, తమిళనాడు తీరాల్లో, అండమాన్ దీవుల్లో కూడా ఉంటుంది. మరి అత్తరు వ్యాపారమంతా ఇక్కడే ఎందుకు కుదురుకుంది అన్న ప్రశ్నకు వర్తకులు ఒకే జవాబు చెబుతారు: వాసన. గంజాం పువ్వు నూనెలో ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థం అధిక భాగం ఉంటుంది, దాని తర్వాతి స్థానం టెర్పినెన్-4-ఆల్‌ది. ఈ రెంటి పాళ్లు చెట్టును బట్టి, నేలను బట్టి, కోసిన వేళను బట్టి మారతాయి. ఇసుక కలిసిన గరప నేల, ఉప్పు గాలి, రైతులు తరతరాలుగా ఎంచిన పిలకలు, ఈ మూడూ కలిసి వచ్చిన చోటు ఇది.

మొదట ఇది పూలతోట కాదు, కంచె. మొగలి ఆకుకు రెండు అంచుల్లోనూ, వెనక నడిమి ఈనె మీదా ముళ్లుంటాయి. పశువు చొరబడదు. కాండం నుంచి దిగే ఊడవేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. సముద్రం నుంచి వీచే గాలికి కొట్టుకొచ్చే ఇసుక పొలంలో పడకుండా పొద అడ్డు నిలుస్తుంది. ఆకులతో చాపలు అల్లేవారు, వేళ్ల పీచుతో తాళ్లు పేనేవారు. పువ్వు అదనపు లాభం. శివపూజకు పనికిరాదని పురాణం దీన్ని శపించింది, పొదలో పాములుంటాయని జనం భయపెట్టారు, ఆడవాళ్లు మాత్రం జడలో పెట్టుకున్నారు. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీ సువాసన పూల జాబితాలో కేవడా ఉంది కాబట్టి, ఉత్తరాదిలో దీని విలువ నాలుగు శతాబ్దాల కిందటే తెలుసు. గంజాం పల్లెలకు మాత్రం ఆ విలువ డబ్బు రూపంలో చాలా ఆలస్యంగా చేరింది.

ఈలోగా బ్రిటిషు కాలంలో, గంజాంను ఏలిన పరిపాలన కిందే వేరే పూల చరిత్ర ఒకటి నడిచింది. గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో ఉత్తరాన చిట్టచివరి జిల్లా. మద్రాసు నగరంలో 1835లో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ ఏర్పడింది. కంపెనీ కొలువులో వైద్యుడుగా ఉండి వృక్షశాస్త్రజ్ఞుడుగా పేరు పొందిన రాబర్ట్ వైట్ దాని వెనకున్న ముఖ్యుల్లో ఒకరు. కేథడ్రల్ దగ్గర తోట, చందాదారులు, విత్తనాల పంపిణీ, బహుమతుల పోటీలు, ఇదీ దాని పద్ధతి. ఊటీలో పూల ప్రదర్శన 1896లో మొదలైంది. పొరుగున మైసూరు సంస్థానంలో 1912లో హార్టికల్చరల్ సొసైటీ వచ్చి, బెంగుళూరు లాల్‌బాగ్ ప్రదర్శనలకు ఆధారమైంది. ఈ సభలన్నింటికీ పువ్వు అంటే కుండీలో పెరిగేది, బల్ల మీద నిలిచేది, కంటితో తూచదగినది. గులాబీ, డాలియా, క్రిసాంథిమం అందుకు సరిపోయాయి. పది పన్నెండు అడుగుల ముళ్లపొదలో పుట్టి, కోసిన కొన్ని గంటల్లో తాజా వాసన కోల్పోయే పువ్వును ఏ బల్ల మీద పెడతారు? పైగా మొగలిని రైతు పెంచాడు, ఆ సభల చందాదారులు చాలావరకు దొరలు, జమీందారులు, ఉద్యోగులు. ప్రదర్శనలో బహుమతి పొందిన పువ్వుకు పేరు వస్తుంది, పేరు వస్తే మొక్కకు ధర వస్తుంది. గంజాం మొగలికి ఆ దారి మొదట్లోనే మూసుకుపోయింది. దానికి తీర్పు చెప్పే న్యాయనిర్ణేత బట్టీ యజమానే అయ్యాడు.

ఆ బట్టీ ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి వచ్చింది. గులాబీ అత్తరుకు పేరుపడిన ఆ ఊరి వర్తకులు మొగలి కోసం గంజాం దాకా వచ్చి ఇక్కడే రాగి పాత్రలు దింపారు. పువ్వును కన్నౌజ్‌కు తీసుకుపోలేరు, వాడిపోతుంది. అత్తరును తీసుకుపోవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర తూర్పు తీరం వెంట రైలు మార్గం పడటంతో బరంపురం, ఛత్రపురం కలకత్తాతోనూ మద్రాసుతోనూ కలిశాయి. పల్లెలో బట్టీ, పక్క ఊళ్లో స్టేషను ఉంటే వర్తకుడికి ఇంకేం కావాలి! 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం మద్రాసు నుంచి విడిపోయింది. పరిపాలన భాష మారింది, బట్టీ లెక్క మాత్రం మారలేదు.

బట్టీలో జరిగే పని ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఎక్కువగా సాగుతుంది. ఇటుకల పొయ్యి మీద గుండ్రటి పెద్ద రాగి పాత్ర ఉంటుంది, దాన్ని డేగ్ అంటారు. అందులో వందల పూలు వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి, మూత అంచు చుట్టూ మట్టీ దూదీ కలిపి మెత్తుతారు. ఆవిరి బయటికి పోకూడదు. మూతలో బిగించిన వెదురు గొట్టానికి తాడు చుట్టి ఉంటుంది. దాని రెండో కొస పొడుగు మెడ గల మరో రాగి పాత్రలోకి దిగుతుంది. అది భప్కా. భప్కా నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. పొయ్యి కింద కట్టెలు మండితే పూల వాసన ఆవిరితో పాటు గొట్టంలో ప్రయాణించి భప్కాలో చల్లబడుతుంది. ఇక్కడ యంత్రమేదీ లేదు. మంట ఎంత ఉండాలో, తొట్టి నీళ్లు ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు దించాలో చెప్పేది పనివాడి చెయ్యి, చెవి. భప్కా మెడను చేత్తో తాకి వేడి చూస్తాడు, డేగ్‌లో ఉడుకు చప్పుడు విని మంట తగ్గిస్తాడు.

భప్కాలో ముందుగా ఏం పోసి ఉంచారన్న దాన్ని బట్టి సరుకు మారుతుంది. చందన తైలం పోసి ఉంచితే వాసనను అది పీల్చుకుని అత్తరవుతుంది. ఒకరోజు పూలతో సరిపోదు, రోజుకో వాయి కొత్త పూలు వేస్తూ అదే తైలానికి మళ్లీ మళ్లీ వాసన పట్టించాలి. చందనం ధర పెరిగాక ద్రవ పారఫిన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. ఏ తైలమూ లేకుండా పూల నూనెనే విడిగా పట్టుకుంటే అది రూహ్, అన్నింటికన్నా ఖరీదైనది. మిగిలిన సువాసన నీరే కేవడా నీళ్లు. మిఠాయిల్లో, షర్బత్తుల్లో, బిర్యానీలో పడేది అదే. హైదరాబాదులో దమ్ బిర్యానీ మీద చల్లిన రెండు చుక్కలు గంజాం తీరం నుంచి వచ్చినవని తినేవాళ్లలో ఎందరికి తెలుసు?

ఇక పువ్వు ధర. మొగలి బరువు మీద అమ్ముడుపోదు, లెక్క మీద అమ్ముడుపోతుంది. ఏడాదిలో మూడు విడతలు పూస్తుంది, వర్షాకాలపు విడత అన్నింటికన్నా పెద్దది. పొడుగు కర్రకు కొడవలి కట్టిన దోటితో చీకటి ఉండగానే పూలు కోసి, మూటగట్టి, సైకిలు మీదో తలమీదో బట్టీకి చేరుస్తారు. కొన్ని చోట్ల మధ్యలో దళారి ఉంటాడు. వానాకాలంలో పూలు విరగబూస్తే ధర పడిపోతుంది, పూత తగ్గిన రోజుల్లో పెరుగుతుంది. వరి ధర నచ్చకపోతే రైతు వారం ఆగగలడు. ఎండుమిర్చికయితే శీతల గిడ్డంగి ఉంది. మొగలికి ఆ వెసులుబాటు లేదు. పొద్దుటి పువ్వు మధ్యాహ్నానికి సగం ధర కూడా పలకదు. అమ్మేవాడికి గంటల గడువు, కొనేవాడికి తీరిక, ఇదీ ఈ బేరంలోని అసమానత. గంజాం మొగలి రైతుల సంఘాల మాట వచ్చినప్పుడల్లా అడుగున ఉన్న కారణం ఇదే. పూలను నిలవ ఉంచడం కుదరని చోట, ధర నిలబెట్టాలంటే రైతులంతా ఒక్కమాట మీద ఉండటం, లేదా సొంత బట్టీ పెట్టుకోవడం, రెండే మార్గాలు. మొదటిది వానాకాలం పూత రాగానే సడలిపోతుంది. రెండోదానికి రాగి పాత్రల పెట్టుబడి, కన్నౌజ్‌లో కొనేవాడి పరిచయం కావాలి. పాల రైతులకు సహకార సంఘం అంత సులువుగా కుదిరి, పూల రైతులకు కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు. పాలు ఏడాది పొడుగునా వస్తాయి, కొనేవాళ్లు ఊరూరా ఉంటారు. మొగలికి కొనేవాళ్లు గుప్పెడుమంది.

పువ్వు ధర గురించి గొడవపడే రైతుకు పొద ఉన్న నేలే పోతుందన్న భయం ఇరవయ్యో శతాబ్దం చివర్లో మొదలైంది. ఛత్రపురం దగ్గర తీరపు ఇసుకలో ఇల్మినైట్, రూటైల్, మోనజైట్ వంటి ఖనిజాలున్నాయి. వాటి కోసం ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ 1980ల్లో అక్కడ ఒరిస్సా శాండ్స్ కాంప్లెక్స్‌ను నెలకొల్పింది. 1995లో గోపాల్‌పూర్ పక్కన భారీ ఉక్కు కర్మాగారం కోసం టాటా స్టీల్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎంచిన నేల సరిగ్గా మొగలి పల్లెల నడుమ ఉంది. గణ సంగ్రామ సమితి పేరుతో ఊళ్లు ఏకమయ్యాయి. కాగితాల మీద ఇసుక దిబ్బగా కనబడే నేల తమకు పూల రాబడి ఇస్తోందని, మొగలి పొదలే తమ బతుకని రైతులు వాదించారు. పూల ధర కోసం ఎన్నడూ అంత గట్టిగా నిలవని రైతులు నేల కోసం నిలబడ్డారు. నిరసనలు, అరెస్టులు, పోలీసు చర్యలు కొన్నేళ్లు సాగాయి. కొన్ని కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలిపోయాయి. ఆ ఉక్కు కర్మాగారం అక్కడ రాలేదు. సేకరించిన నేలలో తర్వాత ఫెర్రోక్రోమ్ కర్మాగారం, పారిశ్రామిక పార్కు వచ్చాయి. ఆ ఉద్యమానికి రాజకీయ చరిత్రలో చోటు దొరికింది. పూల పెంపకం చరిత్రలో కూడా దాన్ని చేర్చాలి. మొగలి పంట అని, అడవి ముళ్లపొద కాదని బహిరంగంగా, ఊళ్లకు ఊళ్లు చెప్పిన సందర్భం అది.

నేల తర్వాత గాలి. 1999 అక్టోబరు 17, 18 తేదీల్లో గోపాల్‌పూర్ దగ్గర తీవ్ర తుపాను తీరం దాటింది. పదకొండు రోజుల తర్వాత పారాదీప్ వైపు వచ్చిన మహా తుపాను విధ్వంసం ముందు దీన్ని దేశం మరిచిపోయింది గాని, గంజాం మరిచిపోలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మళ్లీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలికి మొగలి పొదలు విరిగాయి, కూకటివేళ్లతో లేచిపోయాయి, బట్టీల కప్పులు ఎగిరిపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటుతూ గంజాంను కూడా కొట్టింది. గమనిస్తే మూడూ అక్టోబరులోనే వచ్చాయి. వానాకాలపు పెద్ద విడత ముగిసి, తర్వాతి విడత పూతకు సిద్ధమయ్యే నెల అది. పోయిన పూతను మరుసటి ఏడు చూసుకోవచ్చు, పోయిన పొద మళ్లీ పూతకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇసుకను పట్టి ఉంచే పొద తీరానికి రక్ష కాబట్టి, తుపానులకు పొదలు పోతే తర్వాతి తుపానుకు పొలాలు మరింత తేలిగ్గా లోబడతాయి.

ఈలోగా బజారు కూడా మారింది. కేవడా సువాసనకు పెద్ద కొనుగోలుదారు పూజ గది కాదు, వంటగదీ కాదు. పాన్‌మసాలా, జర్దా, గుట్కా కర్మాగారాలే. 2011లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల ఆధారంగా రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి గుట్కాను నిషేధించాయి. ప్రజారోగ్యానికి అది మంచి నిర్ణయమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ దెబ్బ నోటి క్యాన్సరుతో ఏ సంబంధమూ లేని గంజాం గట్టు మీది రైతుకు తగిలింది. రెండో దెబ్బ రసాయన శాలలది. మొగలి నూనెలో ముఖ్యమైన ఆ ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ను కర్మాగారంలో చవగ్గా తయారుచేయవచ్చు. అసలు రూహ్ ధరతో పోలిస్తే దాని ధర నామమాత్రం. సీసా మీద కేవడా అని రాసి ఉన్నదంతా పువ్వును చూసినది కాదు. పనివాడి ముక్కు పట్టే తేడాను కాగితం మీద పట్టాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష కావాలి. అలాంటి పరీక్షల కోసం, శిక్షణ కోసం 1991లో కన్నౌజ్‌లో ఏర్పడిన సుగంధ, సువాసన అభివృద్ధి కేంద్రం బరంపురంలో ఒక శాఖను నడుపుతోంది. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం భంజ విహార్ ఆవరణ మొగలి పల్లెలకు ఆనుకునే ఉంది. అక్కడి వృక్షశాస్త్ర పరిశోధకులు ఒడిశా తీరం పొడుగునా మొగలి రకాల్లో తేడాలను, వాటి వాడకాన్ని అధ్యయనం చేసి ప్రచురించారు. రైతు ముక్కుతో చేసిన ఎంపికకు ప్రయోగశాల సాక్ష్యం అలా చేరింది.

చివరి అధ్యాయం భౌగోళిక గుర్తింపు. దేశంలో దీని కోసం చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. డార్జిలింగ్ టీ దాని కింద నమోదైన మొదటి సరుకు. ఆ వరసలోనే గంజాంకు ఒకటి కాదు, రెండు నమోదులు దక్కాయి: గంజాం కేవడా పువ్వు వ్యవసాయ ఉత్పత్తిగా, గంజాం కేవడా రూహ్ తయారీ వస్తువుగా. పువ్వు పెంచేవాడు వేరు, నూనె తీసేవాడు వేరు అన్న పాత వాస్తవాన్ని చట్టం కూడా యథాతథంగా రాసుకుంది. ఈ గుర్తింపుకు ఏ ఒక్క వ్యక్తీ దరఖాస్తు చేయడానికి వీల్లేదు. ఉత్పత్తిదారుల సంఘమో, వారి తరఫున నిలిచే సంస్థో కావాలి. ఊటీ, లాల్‌బాగ్ సభలు తమ పువ్వుకు పేరు తెచ్చుకోవడానికి ప్రదర్శనలు పెట్టాయి. గంజాంలో ఆ పాత్ర ఒక నమోదు పత్రానికి దక్కింది.

అయితే పత్రం ఉన్నంత మాత్రాన రైతు చేతికి ధర రాదు. నమోదైన పేరును సరుకు మీద వాడుకోవాలంటే ప్రతి ఉత్పత్తిదారుడూ విడిగా అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పేరును అక్రమంగా వాడినవారి మీద ఫిర్యాదు చేయాల్సిందీ సంఘమో, ఆ వినియోగదారులో. మిఠాయి దుకాణంలో కనబడే సీసా మీద గంజాం పేరు అరుదు, కన్నౌజ్ పేరు తరచు. రూహ్ అమ్మేవాడికి ఈ గుర్తింపు కొంత అక్కరకొచ్చింది, పువ్వు అమ్మేవాడికి ఇంకా రాలేదు. కేంద్ర ప్రభుత్వం ఏటా కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో ఏ పువ్వూ లేదు, మొగలి కూడా లేదు. ధర నిర్ణయం ఇప్పటికీ తెల్లవారుజామున, బట్టీ గుమ్మం దగ్గరే జరుగుతోంది.